గంజి పెట్టిన నోట్లు

జూన్ 8, 1969. ఆదివారం

హార్మోనియం పలకలేదు.

తెలంగాణ గొడవలకు మూసిన చర్చిని అయిదు వారాల తరువాత ఈరోజు తెరిచారు. బస్సుల్లేక పాస్టరు సాముయేలు అయ్యగారు శంకర్‌పల్లి నుంచి సైకిల్ తొక్కుకుంటూ వస్తున్నారని తెలిసి, పొద్దున్నే ఇంట్లో పెట్టె మూత తీసి ఒకసారి గాలి కొట్టి చూశాను. ఒక్క మెట్టూ పలకలేదు. లోపల నుంచి కిచకిచలు వినపడ్డాయి. వెనక చెక్క ఊడదీస్తే ఎలుక ఒకటి నా చేతిమీద నుంచే దూకి పోయింది. లోపల దాని పిల్లలు అయిదు, ఇంకా కళ్ళు తెరవనివి. వాటి కింద ముక్కలుగా కొరికి మెత్తగా పరిచి ఉన్నవి మా స్త్రీల సమాజం నోట్లు.

చెక్క మళ్ళీ బిగించి చర్చికి పోయాను. కీర్తనలన్నీ గొంతుతోనే పాడించాను. సమాజానికి పెద్ద మా ధనమ్మ వదిన. ఈయనకు అక్క కాబట్టి మా ఇంటికీ ఆమే పెద్ద. పెట్టె ఏదని అడిగింది. తిత్తి చినిగిందన్నాను. అబద్ధమేమీ కాదు. తిత్తి కూడా చినిగింది.

జూన్ 9

ఎలుక పిల్లలను చేటలో వేసి పెరట్లో పెట్టాను. కాకులు చూసుకున్నాయి. నేను లోపలికి వచ్చేశాను.

వరుసగా రాసుకుంటే గుండెదడ తగ్గుతుందేమో చూస్తాను. మూడేళ్ళుగా ఈ చేవెళ్లలో మా ఇరవై మూడు ఇళ్ళ ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు దేవుని పేర పక్కకు తీస్తున్నారు. శనివారం నేను సంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి తెస్తాను. ఆ బియ్యం అమ్మితే వచ్చిన నోట్లు నా దగ్గరే ఉంటాయి. నేను టీచర్ని, ఇరవై ఏళ్ళుగా ఈ ఊరి పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. నన్ను ఎవరూ అడగరు.

మేలో పట్నంలో అన్ని ఊళ్ళ సమాజాల పెద్ద సభ జరగాలి. అక్కడ కానుకను తెల్ల రుమాలులో పట్టుకుని అందరి ముందూ నడవాలి. దేవునికి ఇచ్చేది మచ్చలేనిదై ఉండాలి. మావేమో సంత నోట్లు. పసుపు అంటినవి, గ్యాసునూనె వాసన కొట్టేవి, చెమటకు నాని పాత గుడ్డల్లా మెత్తబడినవి. ఒకదానిమీద ఎవడో సిరాతో జై తెలంగాణ అని రాశాడు. మిగతా ఊళ్ళ వాళ్ళ ముందు వాటిని పెట్టడం నాకు నామోషీ అనిపించింది. మా సమాజంలోని శాంతమ్మ వెనకట దొరసాని బంగళాలో బట్టలు ఇస్త్రీ చేసిన మనిషి. గంజి పెడితే కొత్త నోట్ల తీరు నిలబడతయన్నది. కుంకుడు నీళ్ళలో కడిగి, పల్చటి గంజిలో ముంచి, నీడన ఆరబెట్టి, ఒక్కొక్కటే ఇస్త్రీ చేసింది. ఒక రెండు రూపాయల నోటు మూల మాత్రం కాలి, బొటనవేలంత గోధుమరంగు మచ్చ పడింది. శాంతమ్మ ఏడ్చింది. తన పల్లికాయ డబ్బులతో మారుస్తానన్నది. అంత చిన్న మచ్చ దేవునికి కనపడదులే అని నేనే నవ్వి దాన్ని కట్టలో పెట్టాను.

గొడవల వల్ల సభ ఆగిపోయింది. అంతలో శాంతమ్మ కడుపులో గడ్డ ఉన్నదని తేలింది. మూడు వందలు కట్టి జూన్‌లోనే ఆపరేషన్ చేయించుకోవాలని పట్నం డాక్టరమ్మ చెప్పి పంపింది. వదిన ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి ఒక్క మాటతో తేల్చేసింది. "దేవుడు ఆగుతడు, గడ్డ ఆగదు." కట్టలో నాలుగు వందలు పైచిలుకే ఉన్నాయి. బస్సులు మొదలవగానే నేను తోడుపోయి దవాఖానలో కట్టాలని తీర్మానం.

పోలీసులు కాలేజీ పిల్లల కోసం ఇళ్ళు సోదా చేస్తున్నారని భయపడి, ట్రంకు పెట్టెలోంచి తీసి హార్మోనియంలో దాచాను. అందులో డబ్బు ఉంటుందని ఏ దొంగకూ తట్టదు అనుకున్నాను. ఎలుకకు డబ్బుతో పనిలేదు. దానికి గంజి వాసన తగిలింది.

గుండెదడ తగ్గలేదు.

జూన్ 10

ఈరోజు నుంచి ఉద్యోగుల సమ్మె. ఈయన తాలూకా ఆఫీసులో గుమాస్తా. ఇస్త్రీ చొక్కా వేసుకుని పెళ్ళికి పోయినట్టు పోయాడు. ఎన్నాళ్ళని అడిగితే, తెలంగాణ వచ్చేదాకా అన్నాడు. జీతం మాట ఎత్తలేదు. నా జీతం సంగతి చెప్పనే అక్కర్లేదు, స్కూలు జనవరి నుంచి నెలలో నాలుగు రోజులు తెరిస్తే గొప్ప.

ఆయనకు చెప్పలేదు. సాలోమోను అని పేరైతే పెట్టారు గానీ ఆ తెలివి ఇంకా రాలేదు. కడుపులో మాట పూట నిలవదు. నేరుగా అక్క దగ్గరికి పోతాడు.

గంజి ఆలోచన శాంతమ్మది. ఇది మాత్రం రాసి పెట్టుకుంటున్నాను.

జూన్ 12

స్కూలు తాళం చెవి నా దగ్గరే ఉంది. ఈయన సమ్మె డేరాకు పోగానే ముక్కలన్నీ చేటలో వేసుకుని, పైన పాత పుస్తకాలు కప్పి పోయాను. మూడో తరగతి బల్లల మీద పరిచాను. సింహాల ముక్కలు ఒక బల్ల, అంకెల ముక్కలు ఒక బల్ల, సంతకాల ముక్కలు ఒక బల్ల. పాత పెద్ద నోట్లు వేరే, ఈమధ్య వచ్చిన పొట్టి నోట్లు వేరే.

చిరిగిన పుస్తకాలు అంటించడంలో నా చేతికి పేరుంది. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి జిగురు చేశాను. జిగురులో తుత్తం మరచిపోవద్దని పిల్లలకు ఏటేటా చెప్పేదాన్ని. నోట్ల గంజిలో కలపాలని నాకు తోచలేదు.

సాయంత్రానికి సగం నోట్లు నిలబెట్టాను. కాలిన మచ్చ నోటు సగమే దొరికింది, ఇంకో సగంతో జత కుదిరింది. దూరం నుంచి చూస్తే అన్నీ నోట్లే. పిల్లలు ఇంత చక్కగా అంటిస్తే పదికి పది వేసేదాన్ని. ఈ రాత్రి అన్నం తినాలనిపించింది, తిన్నాను.

జూన్ 15, ఆదివారం

శాంతమ్మ భర్త మల్లప్ప భుజం పట్టుకుని చర్చికి వచ్చింది. ముఖం పసుపు పచ్చగా ఉంది. ఎప్పుడు పోదాం టీచరమ్మా అని అడిగింది. బస్సులు లేవు కదా అన్నాను.

నిజమే. ఈరోజుకు నిజమే.

జూన్ 17

పొద్దున పదింటికి పట్నం వైపు ఒక బస్సు పోయింది. ఖాళీగా ఉన్నట్టుంది. ఒక్కదాన్ని పట్టుకుని బస్సులు నడుస్తున్నాయని ఎవరంటారు.

జూన్ 19

ఈరోజు రెండు. ఒకదానికి అద్దాలు లేవు. అద్దాల్లేని బస్సులో జబ్బు మనిషిని ఎట్లా తీసుకుపోతాం.

జూన్ 21

మల్లప్ప ఇంటికి వచ్చాడు. బస్సు పోతున్నది గద టీచరమ్మా అన్నాడు. మొయినాబాదు దాకానే పోతున్నాయి, అవతల రాళ్ళు వేస్తున్నారు, ఇంకో వారం చూద్దాం అన్నాను. నా పాదాల వైపు కాసేపు చూసి, మంచిది అని పోయాడు.

వాళ్ళ ఇల్లు బస్సు ఆగే చోటే. శాంతమ్మ మంచాన పడ్డప్పటి నుంచి ఆమె పల్లికాయ గంప ముందు ఆయనే కూర్చుంటున్నాడు. అయినా మల్లప్ప ఎవరితోనూ మాట్లాడే మనిషి కాదు. బస్సు ఎక్కడి నుంచి వస్తున్నదో ఎవరినీ అడిగి ఉండడు.

జూన్ 23

చేవెళ్లలో ఏ దుకాణంలో ఈ నోట్లు చూపించినా సాయంత్రానికి వదినకు చేరుతుంది. మొయినాబాదులో బట్టల దుకాణం రామేశ్వర్ సేటు చిరిగిన నోట్లు తక్కువకు తీసుకుని పట్నంలో మార్చుకుంటాడని విన్నాను. పోయాను. బస్సులోనే పోయాను. కూర్చోవడానికి సీటు దొరికింది. ఎవరూ రాళ్ళు వేయలేదు.

సేటు నేను ఇచ్చిన మొదటి నోటు వెలుతురుకు పట్టి చూశాడు. రెండోది చూశాడు. పదో నోటు దాకా అలాగే చూశాడు. తరువాత ఒక నోటును నా ముందు బల్లమీద పరిచి, రెండు మూలలా వేలు పెట్టి చూపించాడు.

"ఇటు ఒక నంబరు, అటు ఒక నంబరు ఉన్నది చూడమ్మా. ఇది ఒక నోటు గాదు, రెండు నోట్లు గూడ గాదు."

నేను సింహాలు చూశాను, అంచులు చూశాను, రంగు చూశాను. నంబర్లు చూడలేదు. లెక్కల టీచర్ని. ఒక్కో మంచి ముక్కను ఇంకో మంచి ముక్కకు అంటించి రెంటినీ చంపాను. అక్కడే బట్టల మూట మీద కూర్చున్నాను. సేటు మంచినీళ్ళు ఇప్పించాడు. స్కూల్ల చెప్తవా అని అడిగాడు. కాదన్నాను. తన పిల్లల పుస్తకాలకు ఇట్లాంటి జిగురే ఉంటదని అన్నాడు. ఇవి తను ముట్టుకోనని, ఇంకెవరికీ చూపించవద్దని, కేసు అవుతుందని, పట్నంలో నోట్లు అచ్చంగా మార్చే పెద్ద బ్యాంకుకు పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పుకోమని చెప్పాడు. మంచివాడే. ఆ మంచితనం నాకు చెంపదెబ్బలా తగిలింది.

ఇంకొకటి జరిగింది. బస్సు కోసం నిలబడ్డచోట ఒక ముసలామె ఆకుకూర అమ్ముతున్నది. ఎవరో సంగమ్మా అని పిలిచారు. మసక పడుతున్నది. ఆమె కళ్ళకు పొర ఉంది. చుక్కకూర రెండు కట్టలు తీసుకుని, కాలిన మచ్చ నోటు నాలుగు మడతలు పెట్టి ఇచ్చాను. మచ్చ మడత లోపలికి పోయింది. ఆమె కళ్ళకద్దుకుని నడుము సంచిలో వేసుకుంది. రూపాయి నోటు, చిల్లర, అన్నీ మంచివే నా చేతిలో పెట్టింది.

చుక్కకూర మా ఇంట్లో ఎవరూ తినరు.

జూన్ 24

నిన్నటిది రాయకుండా ఉండవలసింది.

జూన్ 27

ఆ నోటు ఇప్పుడు ఎక్కడుందో అని పొద్దుట్నుంచీ అదే ఆలోచన. సంగమ్మ దానితో ఉప్పో పొగాకో కొని ఉంటుంది. కొట్టువాడు చూసి ఆమెను తిట్టి ఉంటాడు. లేదా తిట్టకుండా, నాలాగే మడిచి చిల్కూరు పోయే ఎవరికో అంటగట్టి ఉంటాడు. మంచి నోటయితే మనిషి దగ్గర నాలుగు రోజులు ఆగుతుంది, పెట్టెలో దాచుకుంటారు. చిరిగినదాన్ని ఎవరూ రాత్రి దాకా ఉంచుకోరు. అది పరుగెత్తుతూనే ఉంటుంది. ఎవరి చేతిలో ఆగిపోతే వాళ్ళు ఆ రోజుకు మోసపోయినవాళ్ళు.

సంగమ్మ చేతిలో ఆగలేదని ప్రార్థన చేశాను. ఏం ప్రార్థనో.

జూలై 1

మా స్కూలు నడిపే మిషను ఆఫీసులో జీతం సంగతి అడిగి వస్తానని ఇంట్లో చెప్పి పట్నం పోయాను. పెద్ద బ్యాంకులో వరసలో నిలబడ్డాను. నా ముందు ఒకతను గోనెసంచినిండా నలిగిన నోట్లు తెచ్చాడు. సంచి లోపలికి పోయింది, కొత్త కట్టలు బయటికి వచ్చాయి. పేపరు వాసన నా దాకా కొట్టింది. ఇంత సులువా అనిపించింది. వాడిపోయిన నోటుకు ఇక్కడ మారు నోటు దొరుకుతుంది.

నా వంతు వచ్చింది. కిటికీ వెనక గుమాస్తా పెద్దాయన, కళ్ళద్దాలు ముక్కుమీదికి దించి ఒక్కొక్కటే చూశాడు. అంటించింది ఎవరని అడిగాడు. ఎలుక సంగతి, గంజి సంగతి, అన్నీ చెప్పాను. ఎవరికైనా చెప్పడం అదే మొదలు. ముక్కూ మొహం తెలియనివాడికి చెప్పాను.

"ముక్కలు ముక్కలుగనే సంచిల ఏసుకొని రావాల్సి ఉండె అమ్మా. నంబరు చూసి మేమే జత కలుపుతుంటిమి. గిట్ల కలగలిపి అంటించినంక మా చేతుల లేదు."

ఎలుక కొరికినదానికి దారి ఉండేదట. నేను బాగుచేసినదానికి లేదు. నంబర్లు కలిసినవి ఏరి పదకొండు నోట్లు, చాలావరకు చిన్నవే, తీసుకుని కాగితం రాయించుకున్నాడు. జవాబు పోస్టులో వస్తుందట. నెలలు పట్టవచ్చునట. మిగతావి కవరులో పెట్టి నా వైపు తోశాడు.

సాయంత్రం బస్సు చేవెళ్లలో ఆగింది. శాంతమ్మ మంచం బయట చూరు కింద వేశారు. ఇటువైపే తిరిగి పడుకుని ఉంది. నేను కొంగు తలమీదికి లాక్కుని అవతలి వైపు నుంచి పోయాను. నన్ను చూడలేదు. నిద్రపోతున్నట్టే ఉంది.

జూలై 6, ఆదివారం

శాంతమ్మను ఇంకా ఎందుకు తీసుకుపోలేదని వదిన అడిగింది. దవాఖాన నిండా తుపాకి దెబ్బలు తిన్న పిల్లలున్నారని, మంచాలు లేవని చెప్పాను. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు, నోట్లోంచి వచ్చేసింది. వదిన కళ్ళనీళ్ళు పెట్టుకుని ఆ పిల్లల కోసం అందరిచేతా ప్రార్థన చేయించింది. నేను కూడా మోకాళ్ళమీద ఉన్నాను.

జూలై 12, శనివారం

బియ్యం కోసం తిరిగాను. శాంతమ్మ ఇంటి ముందు ఆగకుండా పోదామనుకున్నాను. మల్లప్ప వెనక నుంచి పిలిచి, పిడికెడు తెచ్చి సంచిలో పోశాడు. ఆ ఇంట్లో అన్నం తినేది ఇప్పుడు ఆయనొక్కడే. అయినా శాంతమ్మే మంచం మీద నుంచి చెయ్యి చాపి చేట అడిగి తీసిందట.

నాకు చచ్చిపోవాలని ఉంది. ఇది పిల్లల మాటలా ఉంది గానీ ఉన్నదే రాశాను.

జూలై 20, ఆదివారం

సమ్మె విరమించారు. ఈయన నీరసంగా వచ్చి, ఏమీ రాలేదు అని నులక మంచం మీద కూలబడ్డాడు. ఆయనను చూస్తే జాలి వేసింది. ఈ నలభై రోజుల్లో ఆయన ముఖం నేను చూడనేలేదు.

కుట్టు మిషను కృష్ణయ్యకు అమ్మేశాను. దర్జీ కృష్ణయ్య. ఆరు నెలలుగా దాన్ని అడుగుతూనే ఉన్నాడు. రెండు వందల డెబ్బై ఇచ్చాడు, నా కమ్మలు కలిపితే దవాఖాన డబ్బు అయింది. ఈయన ఎందుకు అమ్మావని అడిగాడు. చూపు ఆనడం లేదన్నాను. సరే అన్నాడు. అంతే. అదీ జరిగింది.

మిషను జూన్ ఎనిమిదిన కూడా ఆ మూలనే ఉంది. కృష్ణయ్య అప్పుడూ అడుగుతూనే ఉన్నాడు. అమ్మితే ఎందుకని వదిన అడుగుతుంది, నా చేతిలో సమాజం సొమ్ము పాడైందని తెలుస్తుంది, ఆ ఒక్క ప్రశ్నకు భయపడి నలభై రెండు రోజులు ఒక మనిషి కడుపులో గడ్డను పెరగనిచ్చాను. గంజి శాంతమ్మది అని రాసుకున్న పేజీ చూశాను. చింపేయబోయి ఆగాను. ఉండనీ.

జూలై 23

శాంతమ్మను పట్నం తీసుకుపోయాం. బస్సులో ఆమె తల నా ఒడిలో ఉంది. బరువే లేదు. మొయినాబాదు దాటాక లేచి కూర్చోబెట్టమన్నది. కిటికీ లోంచి చూస్తూ, "దారి సాఫ్‌గనే ఉన్నది" అన్నది. నేను అవునన్నాను.

డాక్టరమ్మ కడుపు నొక్కి చూసి, జూన్‌లో రమ్మంటే ఇప్పుడా వచ్చేది అని నా వైపు తిరిగింది. చదువుకున్నదాన్ని నేనే కదా. శాంతమ్మ మంచం మీద నుంచి నన్ను చూసింది. తరువాత డాక్టరమ్మను చూసింది.

"బస్సులు లేకుండె డాక్టరమ్మా" అన్నది.

నేను ఊరుకున్నాను.

జూలై 25

కోసి చూసి, మళ్ళీ కుట్టేశారు. అంతటా పాకిందట. డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచి మెల్లగా చెప్పింది. ఆరు వారాల ముందైతే తీసేయగలిగేదాన్ని అన్నది. కట్టిన డబ్బులో సగం తిరిగి ఇప్పించింది. ఆ నోట్లు ఇప్పటికీ నా రవికలో ఉన్నాయి. మంచి నోట్లు.

ఆగస్టు 2, శనివారం

నిన్న శాంతమ్మను ఇంటికి తెచ్చారు. ఈరోజు బియ్యం సంచి పట్టుకుని పోయాను. చెప్పాలని పోయాను. గుమ్మంలోనే ఎలుక అని మొదలుపెట్టాలనుకున్నాను.

ఆమె నన్ను మంచం పక్కన కూర్చోమని, తలగడ కిందికి చెయ్యి పెట్టి ఒక నోటు తీసింది. నాలుగు మడతలు అలాగే ఉన్నాయి. విప్పి నా ఒళ్ళో పెట్టింది. గోధుమరంగు మచ్చ. నడుమ నా జిగురు, ఎండి పెళుసు బారింది.

ఎప్పుడు వచ్చిందని అడిగాను. జూన్ ఆఖర్ల, మొయినాబాదు నుంచి వచ్చిన ఎవరో పల్లికాయ కొని మల్లప్పకు ఇచ్చారట. ఆయనకు తెలియలేదు. ఆమె చూడగానే తన ఇస్త్రీ మచ్చ గుర్తుపట్టింది. అప్పటి నుంచి తలగడ కిందనే ఉంది. నేను పట్నం బస్సు దిగి కొంగు కప్పుకున్న రోజు కూడా ఆ తలగడ కిందనే ఉంది.

"మరి నన్ను ఎందుకు అడగలేదు శాంతమ్మా?"

"నువ్వే చెప్తవనుకున్న" అన్నది. కోపం లేదు ఆ మాటలో. ఉంటే నాకు బాగుండేది.

కాసేపటికి నోటును మళ్ళీ మడిచి నా పిడికిట్లో పెట్టి, వేళ్ళు మూసింది. "గింత మచ్చ దేవునికి కనపడదంటివి గద. రేపు కానుక సంచిల వెయ్యి, నా పేరు మీద."

ఆగస్టు 3, ఆదివారం

కానుక సంచి నా వరసకు వచ్చింది. నోటు పిడికిట్లోనే ఉంది, చెమటకు తడిసి జిగురు ఊడి రెండు ముక్కలైంది. రెండూ సంచిలో వేయవచ్చు. సాముయేలు అయ్యగారు లెక్క చూసేటప్పుడు చిరిగిన నోటు ఎవరు వేశారని అడగరు. చిరిగినవి వేయడం అందరికీ అలవాటే.

సంచి పక్కామెకు అందించి లేచి నిలబడ్డాను. పాట మొదలుపెడతాననుకుని అందరూ కీర్తనల పుస్తకాలు తెరిచారు. వదిన ముందు వరసలో నుంచి వెనక్కి తిరిగి చూసింది. రెండు ముక్కలు రెండు చేతుల్లో పైకి పట్టుకున్నాను. ఎలుకతో మొదలుపెట్టాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"జూన్ పదిహేడు నుంచి పట్నం బస్సులు నడుస్తనే ఉండె" అన్నాను.